పెట్టె ఆయనకు తిరిగి ఇచ్చేయండి

ప్రశ్న:

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. పరవాడ దగ్గర మందుల కంపెనీలో పని చేస్తాను. సాయంత్రాలు బీచ్ రోడ్డులో నడవడం అలవాటు. ఏడాది కిందట, కురుసుర సబ్‌మెరైన్ దాటాక ఫుట్‌పాత్ మీద ఒక పెద్దాయన పాత హార్మోనియం వాయిస్తుంటే ఆగిపోయాను. కొన్ని రీడ్లు పలకడం లేదు. అయినా ఆ మోహన రాగం నన్ను కదలనివ్వలేదు. మా తాతగారికి నాటకాల పిచ్చి. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని తెల్లవార్లూ పద్యాలు విన్నవాణ్ణి. ఆ సాయంత్రం నుంచి రోజూ ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళేవాణ్ణి. నేను 'మాస్టారూ' అంటే, ఆయన 'బాబూ' అనేవారు. ఒకప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నాటక సమాజాలకు హార్మోనిస్టు. భార్య పోయాక తాగుడు ముదిరి, ఇల్లు పోయి, రోడ్డున పడ్డారు. ఇప్పుడు అరవై ఒకటో ఏడు.

మూడు నెలల కిందట ఆయన హార్మోనియం పెట్టె బాగు చేయించాను. పెదవాల్తేరులో గది అద్దెకు తీసుకుని మంచం, బట్టలు, ఫోను అమర్చాను. చుక్క ముట్టకూడదని ఒక్కటే షరతు పెట్టాను. మాట ఇచ్చారు, నిజంగానే మానేశారు. రాత్రిపూట పెట్టె వాయించొద్దని ఓనరు అంటే దానికీ సరే అన్నారు. మూడో రోజు వెళ్ళేసరికి చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళంతా చెమటలు. 'తెర లేపేస్తన్నారు, శ్రుతి ఇవ్వాలి' అని ఏదేదో మాట్లాడారు. నటిస్తున్నారేమో అనుకున్నాను. ఐదో రోజుకి మనిషి లేరు. పెట్టె, ఫోను గదిలోనే వదిలేసి మళ్ళీ బీచ్‌కి వెళ్ళిపోయారు. నేను కనిపిస్తే తల తిప్పేసుకుంటున్నారు. మళ్ళీ తాగుతున్నారని, ఆయన సంచి దాచిపెట్టే టీ బడ్డీ ఆవిడ చెప్పింది.

'పిల్ల ఫీజుకు దాచిన డబ్బు అది' అని నా భార్య బాధపడుతోంది. 'ఇలాంటివాళ్ళు మారరు' అని స్నేహితులంటున్నారు. ఆయన కూతురు విజయనగరంలో ఉంటే నంబరు సంపాదించాను. తనకి చెప్పొద్దని ఆయన ముందే అన్నారు. అయినా ఫోన్ చేసి, ఆమెకి అప్పజెప్పి తప్పుకోనా? ఇంకోసారి ప్రయత్నించనా?

— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం:

తమ్ముడూ, మిగతావన్నీ తరవాత మాట్లాడుకుందాం. ముందు మీరు నటన అనుకున్న ఆ మూడో రోజు సంగతి. అది నటన కాదు. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, కంటికి కునుకు రాదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. కొందరిలో రెండో రోజో మూడో రోజో లేని మనుషులు కనిపించడం, లేని గొంతులు వినిపించడం, తానెక్కడున్నాడో తనకే తెలియకపోవడం మొదలవుతాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మాస్టారు మీకిచ్చిన మాట నిలబెట్టుకోబోయారు, అదే ఆయన ప్రాణం మీదికి వచ్చి ఉండవచ్చు. నేను డాక్టర్ని కాను. కానీ మీరు రాసిన ఆ లక్షణాలన్నీ డాక్టరుకు చెప్పి తీరాల్సినవి.

కాబట్టి 'రేపటి నుంచి మానేస్తానని ఒట్టు వెయ్యండి' అని మళ్ళీ అనకండి. మానడమన్నది డాక్టరు కళ్ళెదుట, మందులు వాడుతూ, కొన్ని రోజుల మీద జరగాలి. ఆ వణుకును, ఫిట్స్‌ను ఆపే మందులున్నాయి. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళ ఒంట్లో బి1 విటమిన్ తగ్గిపోతుంది కనుక అది కూడా ఇస్తారు. మీరు తీసుకున్న గదికి చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఏమంత దూరం కాదు. కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) ఉండనే ఉంది. వెళ్ళే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే 14416కి చేయండి. టెలీ మానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు. తాగుడు మాన్పించే విషయానికే ప్రత్యేకంగా 14446 ఉంది.

ఆయన రానంటారేమోనని మీకు అనిపించవచ్చు. మన ఊళ్ళో 'వాల్తేరు పంపాలి' అనే మాటను ఎంత చులకనగా వాడతారో మీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అందుకే ఆస్పత్రి పేరుతో మొదలుపెట్టకండి. 'మాస్టారూ, చేతి వణుకు తగ్గడానికి మందులున్నాయట, చూపించుకుందాం రండి' అనండి. మెట్ల మీద వేళ్ళు నడిపి బతికిన మనిషికి చేతుల కన్నా ముఖ్యమైనది ఏముంటుంది? పరువు గురించి, తాగుడు మంచిచెడ్డల గురించి ఆ పూట ఒక్క మాట కూడా వద్దు.

ఇక ఆయన ఎందుకు వెళ్ళిపోయారన్నది. సగం జవాబు పైన చెప్పిందే. తక్కిన సగం మీ ఉత్తరంలోనే ఉంది, మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. రాత్రిపూట పెట్టె వాయించొద్దని ఓనరు అన్నారు. నాటకాల హార్మోనిస్టుకి రాత్రంటే ఏమిటో ఆలోచించండి. జీవితమంతా ఆయనకు పని మొదలయ్యేదే రాత్రి భోజనాల వేళ దాటాక. కోడి కూసే దాకా పెట్టె ముందు కూర్చున్న మనిషి. భార్య పోయి, ఇల్లు పోయి, తాగుడు కూడా ఆపేసిన ఆ నాలుగు రాత్రులు నాలుగు గోడల మధ్య, పెట్టె ఎదురుగా ఉండి కూడా ముట్టుకోకుండా గడపమన్నాం. ఓనర్ని తప్పు పట్టడం లేదు, పక్కింటివాళ్ళు నిద్రపోవాలి కదా. కాని ఆయన 'సరే' అన్నది ఇష్టమై కాదు. మీరు డబ్బు పెట్టారు, ఇక నోరెత్తకూడదనుకుని అన్నారు.

ఫుట్‌పాత్ మీద ఆయనకు లేనిది పైకప్పు. అక్కడ ఉన్నవాటిని కూడా చూడండి. సంచి దాచే టీ బడ్డీ ఆవిడ ఉంది. మురీ మిక్చర్ బండ్లవాళ్ళు, నడకకు వచ్చి పలకరించేవాళ్ళు, మీరు ఆగినట్టు ఆగేవాళ్ళు ఉన్నారు. రాత్రి ఒంట్లో బాగోకపోతే పక్కన పడుకున్నవాడికి తెలుస్తుంది. పెదవాల్తేరు గదిలో ఆయనకు ఏమైనా అయితే మర్నాడు సాయంత్రం మీరు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఏళ్ళుగా బయట పడుకున్నవాళ్ళు గది దొరికిన వారంలోనే తిరిగి వెళ్ళిపోతే దాన్ని పొగరుగానో కృతఘ్నతగానో చూస్తాం. చాలాసార్లు అందులో ఉండేది భయం, ఒంటరితనం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపింది మరొకటి. ఆయన పెట్టె అమ్ముకోలేదు. తాగుడు పీక పట్టుకుని లాగుతున్న మనిషి, చేతిలో బాగుచేయించిన హార్మోనియం, కొత్త ఫోను ఉన్న మనిషి, రెండూ గదిలో పెట్టి ఉత్త చేతులతో వెళ్ళిపోయారు. మీ స్నేహితులకు ఈ సంగతి చెప్పారా? మాట తప్పాను కాబట్టి వీటి మీద నాకు హక్కు లేదు అనుకుని ఉంటారు. ఆ పెట్టె ఆయనదే, మీరు చేయించింది మరమ్మతు మాత్రమే. కానీ షరతు పెట్టి చేయించేసరికి అది మీ సొత్తయిపోయింది ఆయన లెక్కలో. తల తిప్పుకోవడం కూడా అందుకే. అప్పు తీర్చలేనివాడు ఎదురుపడలేడు.

మీ ఉత్తరం మొదటి పేరాలో మోహన ఉంది, తాతగారున్నారు, పద్యాలున్నాయి. రెండో పేరాకి వచ్చేసరికి మంచం ఉంది, ఫోను ఉంది, షరతు ఉంది, పాట లేదు. గది తీసుకున్నాక మీరు ఆయన దగ్గర కూర్చుని ఒక్క రాగమైనా విన్నారా? తిన్నారా, తాగలేదు కదా, ఓనరు ఏమన్నా అన్నాడా అని కనుక్కుని వచ్చి ఉంటారు. అంత శ్రద్ధ సొంతవాళ్ళే చూపించని రోజుల్లో మీరు చూపించారు, దాన్ని నేను తక్కువ చేయను. అయితే అప్పటిదాకా ఆయన మీకు ఏదో ఇస్తూ వచ్చారు. గదిలోకి వెళ్ళిన రోజు నుంచి తీసుకోవడమే ఆయన పనైంది.

హార్మోనిస్టు చేసే పని ఏమిటో మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. ఒక నటుడిది నాలుగు శ్రుతి, ఇంకొకరిది ఐదున్నర. వేషం మారగానే ఆయన వేళ్ళు మారాలి. పద్యం చివర రాగం తీస్తూ నటుడు ఊపిరి పీల్చుకునే సందులో ఆ రాగం తెగకుండా పట్టుకునేది ఆయనే. గొంతు జారితే కప్పేదీ ఆయనే. చప్పట్లు, వన్స్‌మోర్లు మాత్రం కిరీటం పెట్టుకున్నవాడికి. 1940 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు ఆకాశవాణి హార్మోనియాన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు, ఆ కాలంలో కూడా మన పల్లెల్లో పద్యం నిలబడింది ఈ పెట్టెవాళ్ళ వల్లే. ఇంకొకరి గొంతుకు ఆసరాగా ఉండడమే వృత్తిగా బతికిన మనిషిని తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టి, నీకు అన్నీ మేం చూస్తాం అన్నాం. ఆయనకు తోచకపోవడంలో వింతేముంది?

మనకు దగ్గరి ఊరి సంగతే ఒకటి చెబుతాను. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం వచ్చిన కుర్రాడు ఘంటసాల అక్కడ జోలె పట్టి మాధుకరం ఎత్తుకుని తిన్న రోజులున్నాయి. తిండికి ఇల్లిల్లూ తిరిగే ఆ కుర్రాణ్ణి శిష్యుడిగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పినవారు పట్రాయని సీతారామశాస్త్రి గారు. ఆ ఇంట్లో ఆ కుర్రాడు విద్యార్థి, అంతే. జోలె సంగతి జోలెది. మీ విషయంలో వయసులు తారుమారయ్యాయి, జోలె గురువు చేతిలో ఉంది. అయినా మీరు చేయవలసింది అదే: ఆయన్ని మాస్టారని పిలవడం మొదలుపెట్టారు కనుక, శిష్యుడు కండి.

ఈ సాయంత్రమే పెట్టె తీసుకుని బీచ్‌కి వెళ్ళండి. గది గురించి, ఆ ఐదు రోజుల గురించి ఎత్తకండి. 'మీ పెట్టె మీ దగ్గర ఉండాలి మాస్టారూ' అని ఇచ్చేయండి. రాత్రి దాన్ని ఎక్కడ పెట్టాలో టీ బడ్డీ ఆవిడతో ఆయన్నే మాట్లాడనివ్వండి. ఉప్పుగాలికి రీడ్లు చిలుము పడతాయి, మందపాటి గుడ్డ ఒకటి తోడు ఇవ్వండి చాలు. అమ్మేస్తే? అమ్మేయవచ్చు. ఆ అవకాశం లేకుండా ఇస్తే మళ్ళీ అది మీ పెట్టే అవుతుంది. తరవాత, మీ తాతగారికి ఇష్టమైన పద్యం ఏదో అడిగి, నాకు నేర్పుతారా అనండి. మొహమాటానికి అడగకండి, నిజంగా నేర్చుకోండి. వారానికి రెండు పూటలు కూర్చోండి, ఫీజు ఇంత అని ఆయన నోటితోనే చెప్పించండి, ఆ డబ్బు ఆయన చేతికే ఇవ్వండి. చిన్న మొత్తమే అయినా అది దానం కాదు, సంపాదన.

ఒంట్లో కుదుటపడ్డాక దారులు తెరుచుకుంటాయి. మన ఊళ్ళో పోర్టులో, రైల్వేలో, స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం చేస్తూ పద్యం పాడే సరదా ఉన్నవాళ్ళకు కొదవలేదు. వాళ్ళకు శ్రుతి పట్టి, తప్పు దిద్దే మనిషి దొరకడమే కష్టం. భజన మండళ్ళకు పెట్టె వాయించేవాళ్ళు ఎప్పుడూ కావాలి. మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి ఉత్సవాలు, ధనుర్మాసం తెల్లవారుజాములు వాళ్ళకు తీరిక లేని రోజులు. వీటన్నిటిలో ఒక సుఖం ఉంది, మందు సీసా పక్కన ఉండదు. నాటక సమాజాలకు కబురు పెట్టాలని మీకు ముందుగా తోచవచ్చు. కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాంబిక పండగ, ఊరూరా తీర్థాలు, నిజమే, పని ఉంటుంది. కానీ రాత్రంతా మెలకువ, తెర వెనక చేతులు మారే గ్లాసులు, పాత సావాసాలు. అక్కడికి వెళ్ళడం మొదటి ఏడాది వద్దని నా మాట. వెళ్ళాలో వద్దో చివరికి తేల్చుకునేది ఆయనే అనుకోండి.

తల దాచుకునే చోటు కోసం మళ్ళీ ఒంటరి గది వెతకకండి. మన నగరపాలక సంస్థ జీవీఎంసీ వారి నిరాశ్రయుల వసతి గృహాలు నగరంలో ఉన్నాయి. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద ఏర్పాటైన ఇలాంటి గృహాలు చలికాలానికో వానాకాలానికో కాదు, ఏడాది పొడుగునా, రోజంతా తెరిచి ఉండాలన్నది నిబంధన. పదిమంది మధ్య పడుకోవడం ఆయనకు అలవాటే. ఒకసారి ఇద్దరూ కలిసి వెళ్ళి చూసి రండి. పెట్టె లోపలికి తెచ్చుకోవచ్చా, ఏ వేళల్లో వాయించుకోవచ్చు అన్నవి ఆయన ఎదుటే అడగండి. నచ్చకపోతే ఇంకా కొన్నాళ్ళు ఫుట్‌పాతే అంటారు, ఓపిక పట్టండి. ఈలోగా అన్న క్యాంటీన్‌లో పూటకు 5 రూపాయలకి భోజనం దొరుకుతుంది.

కాగితాల పనిలో మాత్రం మీ చదువు, మీ తీరిక బాగా పనికొస్తాయి. ఆధార్ కార్డు పోయి ఉంటే కంగారు వద్దు. ఎప్పుడో ఒకసారి తీయించుకుని ఉంటే ఆధార్ సేవా కేంద్రంలో వేలిముద్రలతోనో కంటిపాపతోనో పాత నంబరు వెతికి ఇస్తారు. చిరునామా లేదన్న చిక్కు వస్తే, గుర్తింపు ఉన్న వసతి గృహం నిర్వాహకులు ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది. అందుకు కూడా ఆ గృహం ఉపయోగమే. ఆ తరవాత జన్‌ధన్ ఖాతా. ఆయనకు 60 దాటాయి కనుక రాష్ట్ర ప్రభుత్వ వృద్ధాప్య పింఛనుకు వయసు సరిపోయింది, నెలకు 4,000 రూపాయలు. కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో, రేషన్ కార్డు వివరాలు ఏం కావాలో వార్డు సచివాలయంలో కనుక్కోండి. కేంద్ర సాంస్కృతిక శాఖ 60 దాటిన పేద కళాకారులకు నెలనెలా సాయం చేసే పథకం ఒకటి నడుపుతోంది. దానికి ఆయన వాయించిన నాటకాల కరపత్రాలు, ఫొటోలు, సన్మాన పత్రాల్లాంటివి ఆధారంగా ఉంటే మంచిది. ఏ సమాజాలతో తిరిగారో, ఎవరి పక్కన వాయించారో ఆయన చెబుతుంటే రాసుకోండి. ఆ రాతపని మీ ఇద్దరికీ ఎన్నో సాయంత్రాలకు సరిపోతుంది, దరఖాస్తు సంగతి ఎలా తేలినా.

కూతురి నంబరు. ఫోన్ చేయకండి. చెప్పొద్దని ఆయన నోరు తెరిచి అడిగారు. మీకు ఆయన పెట్టిన షరతు బహుశా అదొక్కటే. దాన్ని మీరు తప్పితే ఆయన మాట తప్పారని బాధపడే హక్కు మీకు ఉండదు. పైగా ఆ అమ్మాయి వైపు నుంచి చూడండి. తండ్రి తాగుడు మధ్య పెరిగిన పిల్ల. తల్లి పోయాక ఆ ఇంట్లో ఏం జరిగిందో మీకూ నాకూ తెలియదు. ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్ చేసి 'మీ నాన్నని తీసుకెళ్ళండి' అంటే ఆమె ఏమనాలి? తల్లిదండ్రుల్ని పోషించాలని 2007 నాటి చట్టం ఉందని ఎవరో మీకు చెప్పవచ్చు. ఆ చట్టంతో అవసరం ఉన్నవాళ్ళు ఉన్నారు. ఇక్కడ మాత్రం ఆ పేరు ఎత్తితే ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది. నంబరు మీ దగ్గర ఉందని మాస్టారికి చెప్పేయండి, దాచకండి. కోపం వస్తే రానివ్వండి. ఒక్క ప్రశ్న మాత్రం అడిగి పెట్టుకోండి: 'మీకు ఒంట్లో బాగోక ఆస్పత్రిలో చేరాల్సి వస్తే ఎవరికి చెప్పమంటారు?' ఆయన ఏ పేరు చెబితే ఆ పేరు.

మీ భార్య అన్నది సబబే. పిల్ల ఫీజు డబ్బు ఆమెకు చెప్పకుండా ఖర్చు పెట్టి ఉంటే ముందు ఆ సంగతి ఇంట్లో తేల్చుకోండి. నెలకు ఇంత అని ఇద్దరూ కూర్చుని అనుకోండి, అది పాఠం ఫీజుకీ ఆస్పత్రి రానుపోను ఆటోలకీ సరిపోతే చాలు. వైద్యం ప్రభుత్వానిది, పడక జీవీఎంసీది, మీరు గది అద్దె కట్టనక్కరలేదు. ఆమెను ఒక సాయంత్రం తీసుకెళ్ళండి, జాలి పడటానికి కాదు, వినడానికి. వస్తానంటేనే సుమా.

స్నేహితులు మారరంటున్నారు. ఒకసారి మానిన తాగుడు తిరగబెట్టడం మామూలే, డాక్టర్లు కూడా అదే చెబుతారు. వైద్యం మొదలయ్యాక కూడా ఆయన తాగవచ్చు. మీరు వెళ్ళేసరికి తాగి ఉంటే ఆ పూట పాఠం వద్దు, దగ్గర కూర్చుని తప్పు ఎత్తిచూపడమూ వద్దు. 'ఎల్లుండి వస్తాను మాస్టారూ' అని చెప్పి వచ్చేయండి. చెప్పిన రోజుకి తప్పకుండా వెళ్ళండి. ఫిట్స్ వచ్చినా, మనిషి మనిషిగా లేకపోయినా ఎవరినీ అడక్కుండా 108కి ఫోన్ చేయండి.